తల ఊపినందుకు

భువనేశ్వరి ఇంట్లో కంప్యూటరు లేదు. ఉన్నదల్లా పదమూడు అంగుళాల ట్యాబు ఒకటి. నగరిలో మరమగ్గాల వాళ్ళకు చీరల అంచులూ కొంగులూ గీసిచ్చే మనిషి ఆ పలకతో ఏం నెగ్గుకొస్తుందని మొదట్లో వీధి వీధంతా నవ్వింది. నవ్వినవాళ్ళే ఇప్పుడు కరెంటు బిల్లు కట్టమనీ, పిల్లల హాల్ టికెట్టు తీసిమ్మనీ, కొండ మీద దర్శనం టికెట్లు దొరుకుతాయేమో చూడమనీ ఆమె గడప తొక్కుతున్నారు. ఆమె ఎవరినీ కాదనదు. తెరను రెండుగా చీల్చి, ఒక పక్క అంచు గీసుకుంటూ రెండో పక్క వాళ్ళ పని చేసిపెడుతుంది. కూర పొయ్యి మీద ఉంటే ట్యాబు బియ్యం డబ్బాకు ఆనుకుని ఉంటుంది. కూతురు నవీన పాఠాలు వినేటప్పుడు మంచం మీద ఉంటుంది. భర్త యోగానంద శ్రీసిటీ ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చాక ఓ అరగంట సినిమా చూపిస్తుంది. ఇంత చాకిరీ చేసే వస్తువు శుభ్రంగా ఎక్కడుంటుంది, దాని మూలన ఎప్పుడూ ఒక పసుపు మరక ఉండనే ఉంటుంది.

గురువారం పొద్దున మురుగేష్ వచ్చేటప్పటికి ఆమె చాప మీద కూర్చుని, ట్యాబు ఒళ్ళో పెట్టుకుని, మామిడిపిందెల అంచు గీస్తోంది. మురుగేష్‌కు ఎనిమిది మరమగ్గాలు. ఆమెకు దొరికే పనిలో సగానికి సగం ఆయనదే. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి చాపాడు.

“సూపించు పాపా, ఏమేం గీసినావో. ఆడి నెల అమ్మకాలకు కొత్తది కావాల. హంసలూ మామిడికాయలూ సూసి సూసి ఈరోడు యాపారమోళ్ళు మొగం తిప్పుకుంటా ఉండారు.”

ట్యాబు ఆయన ఒళ్ళోకి మారింది. పెద్ద తెరతో ఉన్న చిక్కే అది. ఫోనైతే మన చేతిలో ఉంచుకుని మనకు కావలసినంత వరకే చూపిస్తాం. ఇదైతే ఎదుటివాడు పళ్ళెంలాగా ఒళ్ళో పెట్టుకుని తనకు తోచినట్టు జరుపుకుంటూ పోతాడు. మురుగేష్ బొటనవేలితో ఒక్కొక్కటే పక్కకు నెట్టాడు. హంసలు పోయాయి. ఏనుగులు పోయాయి. నవీన పుట్టినరోజు ఫోటో వచ్చింది, రేషన్ కార్డు వచ్చింది, గ్యాస్ పుస్తకం వచ్చింది. భువనేశ్వరి తీసుకుందామని చెయ్యి చాపేంతలో ఆయన వేలు ఆగిపోయింది.

“ఇదేంది?”

తెర నిండా గళ్ళు. గళ్ళలో చుక్కలు, చుక్కల చుట్టూ ఎక్కడా తెగకుండా మెలికలు తిరిగే ఒక తీగ. రెండు వేళ్ళు పెట్టి పెద్దది చేశాడు, చిన్నది చేశాడు, మళ్ళీ పెద్దది చేశాడు. ఆ తీగ ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో దొరకలేదు. ఇరవై ఏళ్ళుగా అంచులు చూస్తున్న మనిషి నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు.

“అబ్బా, ఏం పని పాపా ఇది. నువ్వేసిందేనా?”

దానికి జవాబు ఎంతసేపు? కాదన్నా, వరదయ్య పెదనాయనది, అనాలి, అంతే. ఆ మాట ఆమె నోటి చివరిదాకా వచ్చింది కూడా. పోయిన నెల వరదయ్య చేనేత మగ్గం మీద జానెడుకొక చోట ఒక పోగు లేవకుండా పోతుంటే, కళ్ళు ఆనక ఆ ముసలాయన తప్పు పట్టుకోలేక ఇక్కడికి వచ్చాడు. అంచును ఫోటో తీసి పెద్దది చేసి చూపిస్తే, “నేను నేసింది నేనే ఇప్పుడు సూస్తా ఉండా పాపా,” అని పిల్లాడిలా మురిసిపోయాడు. తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఆమె మూడు సాయంకాలాలు కూర్చుని ఆ అంచునంతా గడి గడిగా గీసింది. మగ్గం మీద డిజైను నడిపే రంధ్రాల అట్టల్లో ఒకదానికి ఒక రంధ్రం దుమ్ముతో పూడిపోయిందని అలా దొరికింది. పని అయిపోయినా గీసింది చెరపలేదు. అందంగా ఉంది కదా అని ఉంచుకుంది.

ఇదంతా చెప్పనక్కర్లేదు, ఒక్క పేరు చెబితే చాలు. కానీ మురుగేష్ ఆమె వైపు చూస్తున్న చూపు అంతకు ముందెప్పుడూ చూసింది కాదు. ఆరేళ్ళుగా ఎవరో ఫోనులో పంపిన బొమ్మను ఇంకెవరి కోసమో తిరగ్గీయడమే ఆమె బతుకు. బాగుందన్నవాళ్ళు లేరు. తొందరగా పంపమన్నవాళ్ళే అందరూ. ఆ చూపుకు ఆమె మనసు చల్లబడింది.

భువనేశ్వరి తల ఊపింది.

“ఇన్నేండ్లకు ఒక పని చేసినావు పాపా,” అన్నాడు మురుగేష్. “నాకు పంపు.”

అప్పుడైనా సర్దుకోవచ్చు. ఆమె సర్దుకోలేదు, సణిగింది. “ఇంకా పూర్తి కాలేదన్నా, అట్టా గీసి పెట్టుకున్నానంతే.”

“మిగిలింది మా ఆపరేటర్ సూసుకుంటాడులే. ఇప్పుడే పంపు, నా కండ్ల ముందర.”

ఫోటోగా పంపితే గళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, డాక్యుమెంటుగా పంపాలి. ఆ సంగతి ఆమె ఆయనకు ఓపిగ్గా చెప్పి మరీ పంపింది. తెర మీద ఒక టిక్కు, దాని పక్కన రెండో టిక్కు పడ్డాయి. మురుగేష్ వెళ్ళిపోయాక ఆమె మామిడిపిందెల దగ్గరికి తిరిగి వచ్చింది గానీ, మధ్యాహ్నం దాకా ఒక్క పిందె కూడా గీయలేదు.

*

శనివారం సాయంత్రం నవీన బడి నుంచి వచ్చి సంచీ మంచం మీద పడేసింది. ఎనిమిదో తరగతి. ఆ పిల్లకు నోరెప్పుడూ ఊరుకోదు.

“మా, మురుగేష్ మామోళ్ళ షెడ్డులో వరదయ్య తాత అంచు నేస్తా ఉండారు. కిటికీలోంచి సూసినా. నాలుగు మగ్గాల మీద అదే. తాత అమ్మేసినాడా?”

భువనేశ్వరి చేతిలో పిండి ఉంది. దోసెల పిండిలో ఉప్పు కలుపుతోంది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. దారిన పోతూ కిటికీలోంచి ఒక్క చూపు చూసిన పిల్లకు అది ఎవరిదో తెలిసింది. మరి ఆ వీధిలో ఇంకెవరికి తెలియకుండా ఉంటుంది?

“నీకెందుకా సంగతులు? హోంవర్క్ చేసుకో.”

“ట్యాబియ్యి మరి.”

ఇచ్చింది. కొంగుతో తెర తుడిచి మరీ ఇచ్చింది. తెరిచేటప్పటికి సగం తెర మీద సైన్సు పాఠం, రెండో సగం మీద ఆ గళ్ళు, ఆ తీగ. రెండు రోజులుగా దాన్ని మూయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. నవీన దాని వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. ఏమీ అడగలేదు. వేలితో ఆ సగాన్ని పక్కకు తోసేసి పాఠంలోకి వంగింది.

వాగుడుకాయ పిల్ల నోరు మూసుకోవడం చూసి భువనేశ్వరికి తల కొట్టేసినట్టయింది. అడిగి ఉంటే కసిరి ఉండేది. ఏదో ఒక అబద్ధం చెప్పి ఉండేది. అడగలేదు కాబట్టి ఏమీ చెప్పడానికి లేదు. ఆ రాత్రి ఆ పిల్లకు రెండు దోసెలు ఎక్కువ వేసింది. పిల్ల తిని, చెయ్యి కడుక్కుని, అమ్మ ముఖం చూడకుండా పడుకుంది.

*

రెండు వారాలు గడిచాక ఒక సోమవారం పదిగంటల వేళ వరదయ్యే వచ్చాడు. చంకలో పసుపు సంచీ. ఎప్పుడూ గుమ్మంలోనే నిలబడి, “పాపా ఉండావా?” అని పిలిచి, రమ్మన్నాక వచ్చే మనిషి ఆవేళ పిలవకుండానే లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. సంచీలోంచి ఒక చీర తీసి ఆమె ముందు పరిచాడు. నైలాను కలిసిన మరమగ్గం చీర. దాని అంచు మీద చుక్కలు, చుక్కల చుట్టూ తీగ.

“తిరపతి అంగడాయన మొన్న ఫోన్ చేసినాడు,” అన్నాడు. “నీ అంచే పావు ధరకు వచ్చిందబ్బా, ఇంక నీది నేను యాడ అమ్మేది అన్నాడు. ఈ నెల నాలుగు చీరలు వద్దంట. పుత్తూరు బజారుకు పోతే ఇది దొరికింది.”

కోపంగా అనలేదు. అంచు మీద వేళ్ళు పెట్టి తడుముతూ అన్నాడు. మరమగ్గం నేత కాబట్టి తీగ వెనక దారాలు వేలాడుతున్నాయి. ఆయన గోటితో ఆ దారాలను ఒక్కొక్కటే నిమిరాడు.

“ఆ నాలుగు చీరలతోనే మా ఇంటికి నెల గడిచేది. ఆనందమ్మా నేనూ ఇంకేం నేస్తాము పాపా? లుంగీలు నేస్తే మిషన్లతో పోటీ పడలేము. ఈ అంచు ఇంకెవురి దగ్గరా లేదనే కదా ఆయన మా గడపకు వచ్చేది.”

భువనేశ్వరి తల వంచుకుని చీర మడతలు చూస్తోంది. తల ఎత్తితే ఆయన కళ్ళలో పడాలి.

“ఎవుడో అంగట్లో ఫోటో తీసుకోని ఉంటాడు,” అన్నాడాయన. “చిత్తూరు చేనేత ఆఫీసుకు అర్జీ పెట్టమని చెప్పినారు. చేనేత డిజైను మిషన్ మీద నేస్తే తప్పంట కదా. నువ్వు కంప్యూటర్లో రాయి. నీ దగ్గర ఇంకోటి ఉండాది సూడు, పోయిన నెల తీసిన ఫోటో. దాని మీద తేదీ ఉంటాదంట కదా. అప్పటికే ఇది నా మగ్గం మీద ఉండాదని రుజువు. అదీ జత చెయ్యి.”

నేరం చేసినవాళ్ళ చేతికే రుజువు అందించి జాగ్రత్తగా పెట్టమంటున్నాడు. ఆ మాట ఆయనకు తెలియదు. ఆమెకు తెలుసు.

ట్యాబు తెరిచింది. కీబోర్డు అట్ట విప్పి ఆనించింది. చిత్తూరు జిల్లా చేనేత శాఖ అధికారి గారికి, అని మొదలుపెట్టింది. వరదయ్య చెబుతున్నాడు. ఆయన మాటలను ఆమె ఆఫీసు తెలుగులోకి తిప్పుతోంది. నగరి వాస్తవ్యుడైన వరదయ్య అను నేను గత నలభై సంవత్సరాలుగా చేనేత వృత్తిలో ఉంటూ స్వయంగా రూపొందించిన చీర అంచును. అక్కడిదాకా బాగానే నడిచింది.

“ఎవరు తీసుకున్నారని రాయాలి?” అంది. అడిగాక నాలుక కరుచుకుంది.

“తెలిస్తే కదా పాపా. గుర్తు తెలియని వ్యక్తులు అంటారే పేపర్లో, అట్టా రాయి.”

గుర్తు తెలియని, అని కొట్టింది. ఆ తరువాతి మాటకు వేళ్ళు కదలలేదు. చూసీ చూసీ ఆమె ట్యాబు పక్కకు పెట్టేసింది.

“ఛార్జి అయిపోయింది పెదనాయనా. రేపు రాస్తా.”

తెర మూల ఛార్జి ఎనభై ఒక్క శాతం అని తెల్లగా వెలుగుతూ ఉండింది. ఆయనకు ఆ అంకె కనబడదు. కనబడదని తెలిసే అన్నది. ఆ మాట అన్నాక తన మీద తనకే రోత పుట్టింది.

వరదయ్య నమ్మాడు. “అదీ అలిసిపోతాదిలే పాపా, వీధి పనంతా దాని నెత్తినే పెడతా ఉంటిమి,” అని చీర మడిచి సంచీలో పెట్టుకున్నాడు. “రేపు పొద్దున్నే వస్తా. నువ్వేం పొయ్యి మీద కూర వదులుకోని కూర్చోబాకు.”

*

ఆయన వీధి మలుపు తిరిగిందాకా ఆగి, భువనేశ్వరి మురుగేష్ షెడ్డుకు నడిచింది. ఎనిమిది మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే ఆ రేకుల కింద మనిషి మాట మనిషికి వినబడదు. మురుగేష్ ఆమెను చూసి బయటికి వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

“నీకే ఫోన్ చెయ్యాలనుకుంటా ఉండా. ఈరోడోళ్ళు ఎగబడతా ఉండారు. ఇట్టాంటివి ఇంకో నాలుగు గియ్యి పాపా.”

“అన్నా, ఆపించండి.”

“ఏంది?”

“ఆ అంచు. నాది కాదన్నా. వరదయ్య పెదనాయనది.”

మురుగేష్ నవ్వు పోయింది. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కాసేపు షెడ్డు లోపలికి చూశాడు.

“నువ్వేసిందేనా అని అడిగితిని కదా.”

“తల ఊపితిని.”

“తల ఊపితే ఔననే కదా అర్థం.” ఆయన గొంతు పెంచలేదు. “ఆయప్ప చీరలు నేరుగా తిరపతికి పోతాయి, నేను యాడ సూసినా? ఆయప్పదని ఆపొద్దే చెప్పుంటే ముట్టకపోదును. మా నాయన ఆయప్ప దగ్గర మగ్గం నేర్చుకున్నోడే. ఇప్పుడు చెప్పి ఏం లాభం? మాల్ ఈరోడు పోయింది, అక్కడినుంచి ఎన్నూళ్ళు పోయిందో. నేనాపితే ఇంకోడు ఆపుతాడా? చీర చేతికొస్తే దాన్ని చూసి ఎవడైనా గీస్తాడు.”

ఆయనే మళ్ళీ అన్నాడు.

“సూడు పాపా. అది నీ దగ్గర్నుంచి వచ్చిందని నీకు తెలుసు, నాకు తెలుసు. నేను చెప్పను. నువ్వు చెప్పినావనుకో, ఈ నగరిలో ఏ ఓనరైనా నీకు గీసే పని ఇస్తాడా? మా డిజైన్లు ఇంకోడికి పంపిస్తాదేమో అని భయపడతాడా లేదా? ఇంటికి పోయి ఆలోచించుకో.”

బెదిరింపు కాదది. ఉన్న మాటే. అందుకే ఆమె వెనక్కి తిరిగి నడిచింది. ఇంటికి వచ్చి ఒక చెంబెడు నీళ్ళు తాగింది. ట్యాబు తెరిచింది. గుర్తు తెలియని, అన్న చోట కర్సరు కొట్టుకుంటూ ఉంది. పక్కన వ్యక్తులు అని ఒక్క మాట చేరిస్తే అయిపోతుంది. ఆఫీసువాళ్ళు ఎక్కడ పట్టుకుంటారు? ఆ కాగితం ఏ బల్ల మీదో పడి ఉంటుంది. వరదయ్య ఇంకోసారి రాయమని వస్తాడు. ఆమె ఇంకోసారి రాస్తుంది. అలా ఎన్నిసార్లు? ఆ ముసలాయన చాప మీద కూర్చుని పాపా పాపా అంటుంటే, ప్రతిసారీ తెర మూల అంకెను దాచుకుంటూ ఎన్నిసార్లు?

రేపటిదాకా ఆగితే ధైర్యం చాలదని ఆమెకు తెలుసు. ట్యాబు అట్టలో పెట్టి, కొంగు కింద పట్టుకుని బయలుదేరింది.

*

వరదయ్య ఇల్లు అదే వీధి చివర. ఆ వీధిలో మిగిలిన గుంట మగ్గం అదొక్కటే. వరదయ్య గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని ఉన్నాడు గానీ నేయడం లేదు. దారం కండె పెట్టిన నాడెను చేతిలో అలా పట్టుకుని ఉన్నాడు. ఆయన భార్య ఆనందమ్మ గోడవారన కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. ఆమె మాటల మనిషి కాదు. మగ్గం ఆగినా రాట్నం ఆపదు.

“ఛార్జి ఎక్కిందా పాపా?” అన్నాడు వరదయ్య.

“ఛార్జి అప్పుడే ఉండింది పెదనాయనా,” అంది భువనేశ్వరి. “అబద్ధం చెప్తిని.”

కూర్చోలేదు. కూర్చుంటే ఏడుపొస్తుందని నిలబడే చెప్పింది. మురుగేష్ రావడం, తెర జరపడం, నువ్వేసిందేనా అనడం. తల ఊపడం. పంపింది, డాక్యుమెంటుగా పంపింది, అది కూడా దాచలేదు. “గుర్తు తెలియని వ్యక్తులు కాదు పెదనాయనా. నేనే.”

వరదయ్య నాడెను పడుగు మీద పెట్టాడు. గుంటలోంచి కాళ్ళు తీసి అంచున కూర్చున్నాడు.

“దుడ్డుకు ఇచ్చుంటే ఏదో అవసరం అనుకుందును పాపా,” అన్నాడు. “నువ్వేసిందేనా అని అడిగితే నాది కాదు అనేదానికి నోరు రాలేదా నీకు? రెండు అక్షరాలు. కాదు అనేస్తే పోయింది కదా. నీ చేతికి నేను కండ్లు ఇచ్చినట్టు ఇస్తిని దాన్ని.”

భువనేశ్వరి తల ఇంకా కిందికి పోయింది. కాళ్ళ కింద నేల చీలితే అందులోకి పోదును అన్నంత సిగ్గు వేసింది. తిట్టినా కొట్టినా ఇంత ఉండదు.

“నీకు వచ్చిందా?”

రాట్నం ఆగింది. ఆ మాట అన్నది ఆనందమ్మ. ఎవరినన్నదో మొదట భువనేశ్వరికి తెలియలేదు. ఆమె చూస్తున్నది మొగుడి వైపు.

“ఏంది నాకు?” అన్నాడు వరదయ్య.

“నోరు. నీకు వచ్చిందా అంటా ఉండా. తిరపతి అంగడాయన మొదటి చీర సూసి, ఇది నీ తలలోంచి వచ్చిందేనా వరదయ్యా అంటే నువ్వేమంటివి?”

వరదయ్య ముఖం ఎర్రబడింది. పక్కకు తిరిగాడు.

“మీసం దువ్వుకోని నవ్వినావు,” అంది ఆనందమ్మ. “నేను ఆ పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకోని ఉండా.”

ఆమె కండె పక్కన పెట్టింది. చేతులకు అంటిన దూది దులుపుకుంది. ఇంక భువనేశ్వరి వైపు తిరిగి చెప్పింది. ఎవరి మీదా కోపం లేనట్టే, ఇంట్లో సరుకులు ఏమున్నాయో చెప్పినట్టే చెప్పింది.

“కరోనా అప్పుడు ఎవురూ వాకిలి దాటబాకండి అన్నారు కదా పాపా. మగ్గం లేదు, నూలు లేదు. నేను దినామూ వాకిట్లో ముగ్గేసుకుంటా కూర్చుంటిని. తెలిసినవన్నీ వేసేసినాక ఇంకేం వేసేదని, చుక్కలు పెట్టుకోని నేనే కల్పించుకుంటా పోతిని. రెండు నెలలకు ఇది కుదిరింది. ఈయప్ప గడప మీద కూర్చోని చూసి, దీన్ని గళ్ళల్లోకి దించితే అంచైతాది మే అన్నాడు. లెక్కలు ఈయప్పవే. అట్టలు కొట్టింది ఈయప్పే. నేత ఈయప్పదే, కాదన్లా. అయితే తీగ నాది.”

“నేనెప్పుడైనా కాదన్నానా?” అన్నాడు వరదయ్య.

“ఔననీ అన్లేదు.”

వరదయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఇందాక భువనేశ్వరిని అడిగిన మాటలన్నీ ఆయన చెవుల్లోనే తిరుగుతున్నాయని ఆయన ముఖం చూస్తేనే తెలుస్తోంది. భువనేశ్వరికి ఒక్క క్షణం, ఛీ, ఒక్క క్షణమే, తేలిగ్గా అనిపించింది. నేనొక్కదాన్నే కాదు కదా అని. ఆ తేలిక ఎంత నీచమైనదో ఆ వెంటనే తెలిసి మరింత కుంగింది. ఈయన ఆమె మొగుడు, మగ్గం మీద ఆమెతో కలిసి ఒళ్ళు హూనం చేసుకున్నవాడు. తను ఎవరు?

“ఇంక ఆ అర్జీ వద్దులే పాపా,” అన్నాడు వరదయ్య. “నువ్వు చెప్పేసినావు, అయిపోయింది. ఇంటికి పో.”

“ఎందుకు వద్దు?” అంది ఆనందమ్మ. “మీ ఇద్దరికీ సిగ్గైతే అర్జీ మానుకోవాలా? పోయింది నా తీగ. రాయి పాపా. తెచ్చినావు కదా దాన్ని.”

భువనేశ్వరి చాప మీద కూర్చుని ట్యాబు విప్పింది. మొదట రాసింది అలాగే ఉంది. నగరి వాస్తవ్యుడైన, అన్న చోటు నుంచి కిందికంతా చెరిపేసింది. ఆనందమ్మ చెప్పలేదు, అడిగింది. “ఎవురు కల్పించినారో రాసినావా? ఎవురు నేసినారో రాసినావా? ఎవురు బయటికి ఇచ్చినారో రాసినావా?” ఒక్కొక్కదానికీ భువనేశ్వరి రాసినానంది. మూడో దానికి అనడానికి కొంచెం ఆలస్యమైంది.

“నీకు పని పోతాదేమో,” అన్నాడు వరదయ్య. ఆయన మాట ఆయనకే సరిగా వినబడలేదు. “మురుగేష్ ఊరుకోడు.”

“పోతాది పెదనాయనా. తెలుసు.”

“అట్టయితే ఆ ముక్క తీసెయ్యి. ఆనందా, చెప్పు, తీసెయ్యమను.”

ఆనందమ్మ భువనేశ్వరిని చూసింది. చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్ల. ఆమె మనసు కరిగిందో లేదో గానీ తల మాత్రం ఊపలేదు. తీసెయ్యమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. భువనేశ్వరి తీసెయ్యలేదు.

“చదువు,” అంది ఆనందమ్మ.

చదివింది. నగరి వాస్తవ్యురాలైన ఆనందమ్మ అను నేను, అనగానే వరదయ్య తల వంచుకున్నాడు. నా చేతి ముగ్గును నా భర్త వరదయ్య అంచుగా మార్చి నేయగా. ఆ అంచును మా అనుమతి లేకుండా, తనదిగా ఒప్పుకుని, మరమగ్గాలకు పంపిన వ్యక్తి. ఇక్కడ ఆమె ఆగింది. ఊపిరి తీసుకుని తన పేరూ, తన ఇంటి నంబరూ, వీధి పేరూ చదివింది. సాక్ష్యంగా పోయిన నెల తీసిన ఫోటో జతపరచడమైనది.

“సంతకం పెట్టాల పెద్దమ్మా.”

“నాకు వేలిముద్రే కదా పాపా.”

తెర వేలిముద్ర పట్టదు. భువనేశ్వరి తెర మీద గీసే పెన్ను తీసి ఆమె చేతికిచ్చింది. “దీంతో ఏదైనా పెట్టు. నీ గుర్తు. గీత గీసినా చాలు.”

ఆనందమ్మ పెన్నును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది, రాసేవాళ్ళు పట్టుకున్నట్టు కాదు, చిటికెడు ముగ్గుపిండి పట్టుకున్నట్టు. ట్యాబును కింద పెట్టమంది. దాని మీదికి వంగి, పైనుంచి కిందికి చుక్కలు పెట్టింది. అద్దం నున్నగా ఉండి మొదటి చుక్క జారింది. మళ్ళీ పెట్టింది. ఆ తరువాత పెన్ను ఎత్తలేదు. ఒక చుక్క పక్క నుంచి బయలుదేరి, రెండోదాన్ని చుట్టి, మూడోదాని కిందుగా పోయి, తిరిగి వచ్చి బయలుదేరిన చోటే కలిసింది. అంతా కలిపి గుక్క తిప్పుకునేంత సేపు పట్టింది. భువనేశ్వరికి దాన్ని గడి గడిగా గీయడానికి మూడు సాయంకాలాలు పట్టింది.

వరదయ్య దగ్గరికి వచ్చి నిలబడి చూస్తున్నాడు. ఆయన కళ్ళకు ఎంత కనబడిందో తెలియదు. “పెట్టేసినావా?” అని మాత్రం అడిగాడు.

ఆనందమ్మ పెన్ను భువనేశ్వరికి తిరిగి ఇచ్చింది.

“చేసినదానివి నువ్వు కదా. ఒప్పుకుంటా ఉండానని దాని కింద నువ్వూ పెట్టు.”

భువనేశ్వరి పెట్టింది. రోజంతా ఆ తెర మీద గీతలు గీసే చేతితోనే తన పేరు ఐదక్షరాలు రాసింది. అక్షరాలు వంకర పోయాయి. చెరిపి మళ్ళీ రాయలేదు. ఆ అర్జీని చిత్తూరు ఆఫీసుకు పంపి, దాని నకలు ఒకటి మురుగేష్‌కు కూడా పంపింది. డాక్యుమెంటుగానే పంపింది.